మిరుగం ఎప్పుడొస్తది?

జహీరాబాద్,
11 డిసెంబరు 1986

మనోరమక్కకు,

అందరం బాగున్నామని మొదటి వాక్యం రాయమని అమ్మ పక్కన కూచుని చెబుతోంది. అమ్మకు మోకాళ్ళ నొప్పి, బాపుకు నా మీద కోపం, నాకు ఈ ఊరి మీద విసుగు. ఇవి పోను అందరం బాగున్నాం.

బాపు కోపం నీకు తెలిసిందే. లెక్కల్లో ఫస్టు క్లాసు తెచ్చుకున్న పిల్ల పోయి పోయి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూచోవడమేమిటని. కానీ అక్కా, అది ఇప్పుడు ఒట్టి టైపు ఇన్‌స్టిట్యూట్ కాదు. మహాదేవప్ప సారు మీ కంపెనీ కంప్యూటర్లకు ఏజెన్సీ తీసుకున్నారు! ఊరూరా అందరూ చెప్పుకునే మీ రోహిణి ఇప్పుడు జహీరాబాద్ బస్టాండు ఎదురుగా, అరటిపళ్ళ బండ్ల వెనక వెలసింది. నాలుగు తెప్పించారు. వాటి కోసం ఇన్నాళ్ళ టైపు మిషన్లలో రెండు ఉంచుకుని మిగతావన్నీ అమ్మేశారు. ఈ ఊళ్ళో గుమాస్తా అనిపించుకున్న ప్రతివాడి వేళ్ళూ ఆ మిషన్ల మీద తిరిగినవే. అవి పోయిన రోజు సారు బల్లల మీద వాటి కాళ్ళు మిగిల్చిన గుర్తులను తడిగుడ్డతో రుద్దుతూ ఉండిపోయారు.

"ఏనమ్మా సుమిత్రమ్మా, ఇగ ముందటి కాలం ఇదే" అన్నారు తరువాత. బీదర్ వైపు మనిషి కదా, ఏ మాటయినా 'ఏనమ్మా'తోనే మొదలవుతుంది.

మిషన్ నడిపి చూపించడం, నేర్పడం నా పని. లోపలి గదికి కూలర్ పెట్టించి, చెప్పులు బయట విడవాలని బోర్డు రాయించారు. జనం చెప్పులు విడిచి, చేతులు కూడా కట్టుకుని వస్తున్నారు. మొన్న చిరాగ్‌పల్లి నుంచి వచ్చిన ముసలాయన తెర మీద ఆకుపచ్చ అక్షరాలు కనబడగానే దండం పెట్టాడు. నవ్వు ఆపుకోవడానికి నేను బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు నటించవలసి వచ్చింది.

ఒకటి జూనియర్ కాలేజీ వాళ్ళు తీసుకున్నారు. మిగతా మూడూ మే నెలాఖరులోగా అమ్ముడుపోవాలి. లేకపోతే ఏజెన్సీ తీసేస్తారట. సారుకు ఆ బెంగ లేదు. దాల్ మిల్లు ఇంద్రసేన పటేల్, గంజ్‌లో అల్లం కమీషన్ వ్యాపారం చేసే రామచందర్ సేటు చెరొకటి దాదాపు ఖాయం చేశారు.

ఒక్కటే చిక్కు. సేటు బొంబాయి లారీల వాళ్ళ దగ్గర ఏదో విన్నాడు. రోహిణిని ఆపేసి దాని స్థానంలో కొత్తది తెస్తున్నారని, అది ఎప్పుడో రావలసిందని, ఆలస్యమైందని. నిజమేనా? నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మొన్న పెద్దనాయన ఝరాసంగం నుంచి వచ్చి బస్టాండులో నలుగురి ముందూ అన్నాడు: "మా మనోరమ చెయ్యి పడందే ఆ కంపెనీల ఒక్క మిషన్ బయటికి రాదు." ఆ మాట అన్నప్పుడు మీ నాన్న మీసం నువ్వు చూడాల్సింది.

వెంటనే జవాబు రాయి.

నీ చెల్లె,
సుమిత్ర

*

హైదరాబాద్,
22 డిసెంబరు 1986

చెల్లె సుమిత్రకు,

నీ ఉత్తరం హాస్టల్ మెస్సులో సాంబారు గిన్నె కింద రెండు రోజులు నానింది. పసుపు మరకల మధ్య నుంచే చదివాను. అయినా నీ అల్లరి ఎక్కడా చెరగలేదు.

మహాదేవప్ప సారు దగ్గర నేను టైపు నేర్చుకున్నది గుర్తుందా? ఒక్క అక్షరం తప్పు కొట్టినా రబ్బరు వాడనిచ్చేవారు కాదు. కాగితం గుంజేసి కొత్త కాగితం చేతికిచ్చేవారు. "తప్పు తుడిస్తె పోదమ్మా, మచ్చ మిగుల్తది. మొదటి నుంచి కొట్టు." ఆయన దగ్గర పని దొరకడం నీ అదృష్టం. బాపు కోపం అదే చల్లారుతుంది.

నా సంగతి చెప్పాలంటే, పొద్దున్నే బాలానగర్ బస్సు, సాయంత్రం బాలానగర్ బస్సు. బస్సులో ఆడవాళ్ళ సీట్లలో మగవాళ్ళు నిద్రపోతున్నట్టు నటిస్తారు. నేను గొడుగుతో లేపుతాను. ఊళ్ళో ఎవరైనా ఇటు వస్తుంటే కోహీర్ జామపళ్ళు పంపించు. ఇక్కడివి చూడ్డానికి పెద్దవి, తింటే నీళ్ళు.

ఆఫీసు ముచ్చట్లు మాత్రం ఉత్తరాల్లో వద్దు సుమీ. నేను రాయను, నువ్వు అడగకు. బస్టాండులో నా గురించి అట్లా చెప్పొద్దని నాన్నకు కూడా చెప్పు. ఎంత చెప్పినా వినడు.

పిన్నికి మోకాళ్ళకు ఆముదం పట్టు వేయమను.

మీ
మనోరమ

*

జహీరాబాద్,
18 జనవరి 1987

అక్కా,

అడగొద్దన్నావు, అడగను. అడగొద్దన్నప్పుడే నాకు తెలిసిపోయింది. అబద్ధమే అయితే 'అట్లాంటిదేం లేదు' అని ఒక్క ముక్కలో రాసేసేదానివి. నేను గంజ్ పక్కన పెరిగినదాన్ని, మరచిపోయావా?

అక్కడ బేరం ఎట్లా జరుగుతుందో నీకూ తెలుసు. ఇద్దరూ తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. నోట మాట రాదు. చుట్టూ నిలబడ్డవాళ్ళు మొహాలు చూసి తెలుసుకోవాలి. ఎవడైనా ధర నోటితో గట్టిగా చెప్పాడా, వాడిని ఎవరూ నమ్మరు. మాట్లాడకుండా నవ్వినవాడి వెనక పదిమంది పరుగెత్తుతారు.

మొన్న మంగళవారం ఇంద్రసేన పటేల్ వచ్చాడు, వెంట రామచందర్ సేటు. పటేల్ చంకలో చెక్కుబుక్కు సంచి. నేను మిషన్ నడిపి చూపించాను.

"ఏం బిడ్డా, మా మిల్లు లెక్కంత ఇండ్ల వడ్తదా?"

"పడ్తది పటేలా. పదేండ్ల లెక్క గూడ పడ్తది."

"పదేండ్లది ఇన్‌కంటాక్సోనికి గావాలె, నాకెందుకు?"

సారు ఇంత నవ్వు నవ్వి చాయ్ తెప్పించారు. పటేల్ సంచి ముడి విప్పుతున్నాడు. అప్పుడు సేటు అన్నాడు: "జర ఆగుర్రి పటేలా. దీని బదులు కొత్తది వస్తదంటున్రు. గీ పిల్ల అక్క ఆడనే ఇంజనీరు. ఏమమ్మా, మీ అక్క ఏం రాసింది?"

"కంపెనీ ముచ్చట్లు రాయనన్నది."

"అంటే ఉన్నట్టేనా?"

నేను నవ్వాను. అంతే అక్కా. నవ్వి కీబోర్డు మీద లేని దుమ్ము ఊదాను.

పటేల్ సంచి ముడి మళ్ళీ వేసేశాడు. "మంచిది, ఆగుదం. ఇన్నొద్దులు ఇది లేకుంటనే పప్పు అమ్మినం గద." మెట్లు దిగుతూ ఆయనే దానికి పేరు కూడా పెట్టాడు: "రోహిణి కార్తె పోతె వచ్చేది మిరుగమే గదా!" సాయంత్రానికి గంజ్ అంతా అదే పేరు. మీ వాళ్ళు మృగశిర అనే పెట్టారో, మరేం పెట్టారో గానీ ఇక్కడ అది మిరుగం. "మిరుగం ఎప్పుడొస్తది?" అని అడగని మనిషి లేడు. షాపు కిటకిటలాడుతోంది.

సారు నన్ను ఏమీ అడగలేదు. ఆయనకూ నా నవ్వు చాలినట్టుంది. కొత్తది వస్తే ముందు మనకే వస్తుంది కదా అని సంతోషంగానే ఉన్నారు.

నిజం చెప్పనా? ఇంతకుముందు ఈ ఊళ్ళో నన్ను చూసి ఎవరూ ఆగి మాట్లాడేవారు కాదు. ఇప్పుడు కిరాణా కొట్టువాడు కూడా అమ్మా అంటున్నాడు. నేను అబద్ధం ఒక్కటీ ఆడలేదు సుమా.

నీ
సుమిత్ర

*

హైదరాబాద్,
9 ఫిబ్రవరి 1987

సుమీ,

జామపళ్ళు అందాయి. సగం బస్సులోనే అయిపోయాయి.

షాపు కిటకిటలాడుతోందన్నావు, చాలా సంతోషం. పొద్దున బస్సులో నిలబడి పైపైన చదివాను, కానీ ఆ మిరుగం పేరు చదివి నవ్వు ఆగలేదు. నా పక్క మంచం శాంతమ్మకు చెప్పాను. ఆమె మా కంపెనీలోనే టెలిఫోను దగ్గర కూచుంటుంది. పడీ పడీ నవ్వింది. నిన్న ఎవరో సంగారెడ్డి నుంచి ఫోన్ చేసి కొత్తది ఎప్పుడని అడిగితే, "మిరుగానికి" అని చెప్పి పెట్టేసిందట. కొంటె మనిషి.

ఒక్కటి గుర్తుంచుకో. నేను నీకేమీ చెప్పలేదు. ఎవరడిగినా ఆ మాటే చెప్పు.

కొంచెం అల్లం మురబ్బా దొరికితే పంపించు. దగ్గు తగ్గడం లేదు.

మీ
మనోరమ

*

జహీరాబాద్,
15 మార్చి 1987

అక్కా,

మురబ్బా పంపిస్తున్నాను. సీసా మూత ఊడకుండా బాపు పాత ధోవతి ముక్కతో కట్టాను.

నువ్వు చెప్పినట్టే, "మా అక్క నాకేమీ చెప్పలేదు" అంటున్నాను అందరితో. ఆ మాట విన్నాక ఇంకా గట్టిగా నమ్ముతున్నారు.

మిరుగం ఎట్లా ఉంటుందో నీకంటే ఇక్కడి వాళ్ళకే బాగా తెలుసు. కరెంటు లేకున్నా నడుస్తుందని ఇంద్రసేన పటేల్ అంటాడు, ఆయన మిల్లుకు కరెంటు కోత ఎక్కువ కనుక. ఉర్దూలో చెబితే దానంతట అదే రాసుకుంటుందని రామచందర్ సేటు. ఆయన దగ్గర లెక్కలు రాసే మునీము మొన్నే పని మానేశాడు. కాలేజీ లెక్చరరు రంగుల తెర అంటాడు. బాపు కూడా నిన్న అన్నం తింటూ, "కొత్తదానికి ఆడివిల్ల అక్కర లేకుంటనే నడుస్తదట గద?" అన్నాడు. ఎవరికి ఏది కొరతగా ఉందో అదే మిరుగంలో ఉంది. నేను వింటూ కూచుంటాను. కాదనను, అవుననను. పైగా ఒక్కోసారి కనుబొమ్మలు ఎగరేస్తాను. ఆ పాడు అలవాటు ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

కానీ అక్కా, ఒక్క రోహిణి అమ్ముడుపోలేదు. ఒక్కటంటే ఒక్కటి. జనం వస్తారు, చెప్పులు విడుస్తారు, చాయ్ తాగుతారు, మిరుగం ముచ్చట చెప్పుకుంటారు, లేచిపోతారు. సారు మూడు మిషన్లకూ వాళ్ళ అమ్మాయితో తొడుగులు కుట్టించారు. సన్న పూల గుడ్డ. రోజూ పొద్దున తొడుగులు తీసి తుడిచి మళ్ళీ తొడుగుతారు. నేను ఆయన వైపు చూడకుండా ఉండడానికి కిటికీలోంచి అరటిపళ్ళ బండ్లు చూస్తుంటాను.

నిన్న టైపు నేర్చుకోవడానికి నలుగురు పిల్లలొచ్చారు. రెండే మిషన్లున్నాయి. వాళ్ళను వేరే ఇన్‌స్టిట్యూట్‌కు పంపించేశారు. "ఫికర్ జెయ్యకు సుమిత్రమ్మా, మిరుగం రానీ" అన్నారు నాతో. నేనేమీ ఫికర్ చేస్తున్నట్టు ఆయనకెట్లా కనిపించిందో.

వివరాలు వద్దు. ఏ నెలలో వస్తుందో అది ఒక్కటి రాయి. మేలోపు అయితే సారు గట్టెక్కుతారు.

సుమిత్ర

*

హైదరాబాద్,
6 ఏప్రిల్ 1987

సుమిత్రకు,

ఈ ఉత్తరం పిన్నికి చదివి వినిపించకు.

పోయిన వారం మా మేనేజరు టీ వేళ అందరినీ నిలబెట్టి, "ఈ మృగశిర ఎవరు?" అని అడిగాడు. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. బీదర్ నుంచి, సంగారెడ్డి నుంచి, జోగిపేట నుంచి ఏజెంట్లు ఉత్తరాలు రాశారట, రోహిణి వద్దు, మృగశిర వచ్చేదాకా ఆగుతామని. అట్లాంటి పేరు మా కంపెనీలో ఎవరూ పెట్టలేదు. శాంతమ్మ నా వైపు చూసింది. నేను చేతిలో గ్లాసు వైపు చూశాను.

అప్పుడు నీ జనవరి ఉత్తరం తీసి, ఈసారి కూచుని చదివాను.

సుమీ, నేను ఇంజనీరును కాను. నాన్న బస్టాండులో చెప్పిన మాట అబద్ధం కాదు. నా చెయ్యి పడనిదే ఒక్క మిషన్ బయటికి రాదు. ఎందుకంటే ప్రతి కీబోర్డు మీద ప్రతి మీటా నొక్కి, అక్షరం పడుతోందా లేదా చూసేది నేను. పొద్దున నుంచి సాయంత్రం దాకా అదే పని. కొత్తవి తయారుచేసే గదికి అద్దాల తలుపు ఉంది. నాకు లోపలికి అనుమతి లేదు. అద్దానికి లోపల నుంచి కాగితాలు అంటించారు. ఏం జరుగుతోందో నీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. 'నాకు తెలియదు' అని రాయడానికి సిగ్గేసి, 'ఆఫీసు ముచ్చట్లు వద్దు' అని రాశాను.

ఇప్పుడు ధైర్యం చేసి అడిగాను. లోపల పనిచేసే ఒకాయన చెప్పాడు. కొత్తది ఒక చెక్క పలక మీద విడిభాగాలుగా ఉందట. పావుగంట నడిస్తే కాలిపోయేంత వేడెక్కుతుందట. దాన్ని బాగు చేయాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు రోహిణి అమ్మకాల నుంచే రావాలి. రోహిణిని ఎవరూ కొనడం లేదు, కొత్తదాని కోసం ఆగారు కనుక. వాళ్ళు ఆగారు కనుక కొత్తది రాదు. ఇంతకంటే వివరంగా నాకు చెప్పడం రాదు.

అందరితో చెప్పు. ముందు మహాదేవప్ప సారుతో చెప్పు. ఉన్న రోహిణిలు మంచివి, నేను ప్రతి మీటా నొక్కి పంపినవి.

మనోరమ

*

జహీరాబాద్,
26 ఏప్రిల్ 1987

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట నీ మీద మండిపడ్డాను. ఒక్క ముక్క రాసి ఉంటే, అని. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. నువ్వు నీ సిగ్గు దాచుకోవడానికి ఊరుకున్నావు. నేను గొప్పకు నవ్వాను. రెండింటిలో ఏది ఎక్కువ పాపమో నాకు తెలుసు.

చెప్పాను. గంజ్‌కు పోయి, సారుకు ముందు చెప్పే ధైర్యం లేక, అల్లం రాశుల మధ్య నిలబడి రామచందర్ సేటుతో చెప్పాను: "సేటూ, కొత్తది లేదు. రాదు. నాకు ముందుగాల తెల్వదు, ఉత్తగనే నవ్విన."

సేటు నన్ను కిందికీ మీదికీ చూశాడు. పక్కనున్న హమాలీలు కూడా చూశారు. "ఎన్నడు గంజ్ మెట్లెక్కని పిల్ల ఎండల నడిచొచ్చి చెప్తున్నది. అంటే మిషన్లు బయలెల్లినయన్నట్టు. మహాదేవప్ప సారు పాత సరుకు గుమ్మరించుకోవాలె గద పాపం!"

"ఒట్టు సేటూ."

"ఒట్టు గూడ వెడ్తున్నది!" అని అక్కడే కూచున్న ఇంద్రసేన పటేల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నవ్వినప్పుడు నమ్మినం బిడ్డా. ఇప్పుడు వొర్లుతె ఎట్ల నమ్మాలె?"

అక్కడ ఎంతసేపు నిలబడ్డానో. నాకు అల్లం ఘాటుకు కళ్ళు మండాయనే అనుకొని ఉంటారు.

అసలు జరిగింది ఇంకా ఉంది. ఆ ముచ్చట సారు చెవిన పడింది. మర్నాడు నేను షాపుకు వచ్చేసరికి పటేల్‌ను, సేటును అక్కడికే పిలిపించి కూచోబెట్టారు. నా ముందే వాళ్ళతో అన్నారు: "పిల్ల నా మీది ప్రేమతోని, పాయిరంతోని అన్నది. దాన్ని తప్పు వట్టకుర్రి. నా సరుకు అమ్ముకోనీకె మీకు అబద్ధం జెప్ప. మీరు ఆగుర్రి. కొత్తదే కొనుర్రి."

తరువాత నా వైపు తిరిగి, "ఏనమ్మా, నా కోసం అబద్ధం ఆడద్దు. మళ్ళ అట్ల చెయ్యకు" అన్నారు. కోప్పడలేదు. చిన్నప్పుడు కాగితం గుంజేసి కొత్తది ఇచ్చేవారన్నావే, అచ్చం అట్లా.

వాళ్ళిద్దరూ అక్కడ కూచుని నవ్వుతున్నారు. అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. నేను కూలర్‌లో నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయాను.

రోజూ పొద్దున చెబుదామని పోతున్నాను. ఆయన తొడుగులు తీసి తుడుస్తూ ఉంటారు. సాయంత్రం తిరిగి వస్తున్నాను.

సుమిత్ర

*

హైదరాబాద్,
20 మే 1987

సుమీ,

మా బల్లలు ఎత్తేశారు. కంప్యూటర్ల విభాగం మూసేసి, మునుపటిలాగా స్టెబిలైజర్లు చేసుకుంటారట. నన్నూ శాంతమ్మనూ ఇంకొందరినీ ఇళ్ళకు పొమ్మన్నారు. అద్దాల తలుపు మీది కాగితాలు పీకేస్తే మొదటిసారి లోపలికి చూశాను. రెండు బల్లలు, ఒక ఫ్యాను. ఇంకేమీ లేదు.

అమ్ముడుపోని మిషన్లు ఏజెంట్ల దగ్గర నుంచి వెనక్కి తెప్పిస్తున్నారు. మహాదేవప్ప సారుకు ఈపాటికి ఉత్తరం వచ్చి ఉంటుంది, ఎందుకన్నది అందులో రాయలేదట. ఆయన మిరుగం కోసమే ఇవి తీసుకుపోతున్నారని అనుకుంటారు, చూడు. అసలు సంగతి ఆయనకు ఇంకెవరి నోటా తెలియనివ్వకు. నువ్వే చెప్పు.

నేను జూన్ చివరికి ఝరాసంగం వస్తాను. నాన్నతో నేనూ చెప్పుకోవలసింది ఉంది. బస్టాండులో దిగడమే ఎట్లాగో ఆలోచిస్తున్నాను.

మనోరమ

*

జహీరాబాద్,
9 జూన్ 1987

అక్కా,

నిన్న మిరుగం పొద్దు. పొద్దున్నే మబ్బు పట్టి, రోడ్డు మీద దుమ్ము అణిగేంత చినుకు పడింది. అదే పొద్దున లారీ వచ్చింది.

నువ్వు అన్నట్టే సారు సంతోషంగా ఉన్నారు. పాతవి తీసుకుపోతున్నారంటే కొత్తవి తేవడానికేనని. పెట్టెల్లో గడ్డి కూడా తన చేతులతోనే సర్దారు. పూల తొడుగులు మాత్రం విప్పి, ఉతికించి, మడిచి బల్ల మీద పెట్టారు. "కొలత ఒక్కటే ఉంటదేమో సుమిత్రమ్మా, కొత్తదానికి గూడ పనికొస్తయి" అన్నారు.

హమాలీలు పెట్టెలు మెట్ల మీదికి తేగానే గంజ్ వైపు నుంచి కేక లేచింది: "మిరుగం వచ్చిందిరో!" సంచులు ఎక్కడివక్కడ వదిలేసి పరుగెత్తుకొచ్చారు. అల్లం మట్టి చేతులు, నెత్తిన గోనె సంచులు. లోపలికి పోయేవాళ్ళలాగా కొందరు లారీ దగ్గర చెప్పులు కూడా విప్పారు, అక్కా. వాన చినుకుల్లో, నడిరోడ్డు మీద. ఇంద్రసేన పటేల్ గొడుగు కింద నుంచి అరిచాడు: "బిడ్డా, మొదలు నాది దించుర్రి!"

"దించుతలేం పటేలా. ఎక్కిస్తున్నం" అన్నాను.

అందరూ ఒకరినొకరు చూసుకుని కన్ను గీటుకున్నారు.

టార్పాలిన్ ఒక కొస నా చేతిలో, ఇంకో కొస సారు చేతిలో. ఆయన కప్పుతూ కప్పుతూ, ఎవరికీ వినబడకుండా అడిగారు: "కొత్తవి ఎన్నొద్దులకు వస్తయో మీ అక్కను జర అడుగుతవా? బల్లలు ఖాళీ ఉంటె మనసున వడ్తలేదు."

అక్కా, ఇంక కూలర్‌లో నీళ్ళు పోయడానికి నాకు చోటు లేదు.

"రాదు సార్. కొత్తది లేదు. ఎన్నడు లేకుండె. మా అక్కకు ఏం తెల్వదు, నాకు ఏం తెల్వదు. ఏప్రిల్ల నేను మీ కోసం అబద్ధం ఆడలే. అదే నిజం."

ఆయన టార్పాలిన్ వదలలేదు. నా మొహం వైపు చూశారు. కోపం వస్తే బాగుండేది. లెక్కలో ఎక్కడ తప్పిందో చూపించమని అడిగే పిల్లవాడి మొహంలాగా ఉంది ఆయన మొహం.

"మరి ఆ దినం నవ్వినవ్ గదమ్మా?" అన్నారు.

అక్కా, ఏ తిట్టూ నన్ను అట్లా పట్టుకుని ఉండేది కాదు.

"తెల్వదని చెప్పనీకె సిగ్గయింది సార్."

ఆయన తలాడించి, తాడు ముడి బిగించి, డ్రైవరుకు చెయ్యి ఊపారు. లారీ కదిలింది. జనంలో సగం మంది మూల మలుపు దాకా దాని వెనకే పోయారు.

లోపలికి వచ్చాక ఆయన మడిచి పెట్టిన తొడుగులు తీసుకుని, మిగిలిన రెండు టైపు మిషన్లకు తొడిగి చూశారు. చాలా వదులుగా ఉన్నాయి. ఒక మిషన్‌లో కొత్త కాగితం ఎక్కించి, కుర్చీ నా వైపు జరిపారు. "రేపటి సంది పొద్దుగాల పిల్లలొస్తరు. నీ వేళ్ళు మొద్దువారి ఉంటయి. మొదటి నుంచి కొట్టు." కొట్టాను. మూడు చోట్ల తప్పు పడింది. మూడుసార్లూ కాగితం గుంజేశారు. నాకు ఆ కాస్త కోపమైనా దక్కిందనిపించింది.

నువ్వు రా. బస్టాండులో నేనుంటాను. ఇద్దరం కలిసి తల దించుకుని నడుద్దాం, ఒక్కదానివే అయితే దారి ఎక్కువనిపిస్తుంది.

నీ చెల్లె,
సుమిత్ర

తా.క. ఈ ఉత్తరం డబ్బాలో వేయబోతుంటే రామచందర్ సేటు ఎదురుపడ్డాడు. "పాతయి మొత్తం వాపస్ వంపిన్రంటె, కొత్తది పక్కా అన్నట్టు గద అమ్మా?" అన్నాడు. "లేదు సేటూ" అన్నాను. ఈసారి నవ్వలేదు. అది చూసి ఆయనే నవ్వాడు.